పసుపు అంటిన అర్జీ

కొత్తగా కట్టబోయే చక్కెర మిల్లు వాళ్లు మురికినీళ్లను మా వాగులోకి వదులుతామని అనుమతి అడిగారట. అభ్యంతరాలుంటే ఈ రోజు బోధన్ కచేరీకి వచ్చి చెప్పుకోవాలని మొన్న ఊళ్లో చాటింపు వేశారు. అర్జీ నేనే రాశాను. మూడుసార్లు తిరగరాసి, ముత్యాల్లాంటి అక్షరాలతో!

పొద్దున వేలిముద్రలు వేయడానికి ఆడవాళ్లు పసుపు ఉడకబెట్టే పొయ్యిల దగ్గరినుంచి నేరుగా వచ్చారు. చేతులు కడుక్కోమంటే ఒక్కరూ వినలేదు. కాగితం నాలుగు మూలలా పసుపే. నాకు ఏడుపొక్కటే తక్కువ. బస్సులో దారంతా దాన్ని చొక్కా లోపలే దాచుకున్నాను.

కచేరీలో అధికారి దాన్ని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకొని, "ఇది అర్జీయా, పెళ్లి పత్రికా?" అన్నాడు. నేను తల దించుకున్నాను.

నా వెంట వచ్చిన లచ్చవ్వ ముందుకు జరిగింది. "పెండ్లి పత్రికనే అనుకో సారూ. గా వాగు నీళ్లతోనే మేం పసుపు ఉడకవెడ్తం. పిలుస్తున్నం గద, ఒక్కపారి అచ్చి సూడు. గప్పుడు నీకు తోచింది రాసుకో."

ఆయన నవ్వేశాడు. కలం తీసి, వాగును స్వయంగా చూశాకే నిర్ణయమని అర్జీ మీదే రాశాడు. బుధవారం వస్తానన్నాడు. నా ముత్యాల్లో ఒక్కటైనా చదివాడో లేదో!

జరిగినదంతా ఇలా రాసి మన ఊరి గ్రంథాలయం బోర్డుకు అంటిస్తున్నాను. బుధవారం వాగు దగ్గరికి వచ్చేవాళ్లు కింద పేరు రాయండి, లేదా వేలిముద్ర వేయండి. చేతులు కడుక్కోనక్కర్లేదు.