ఆమె తలుపు తీసి

ముగింపే లేని నవల చదివి, ముగింపు బ్రహ్మాండంగా ఉందని నలుగురిలో మెచ్చుకున్న మనిషి హుజూరాబాద్ మొత్తంలో నేనొక్కదాన్నే. ఈ ఘనత ఇప్పటిదాకా ఇంకెవరికీ దక్కలేదు. కాకపోతే "చదివి" అన్న మాట దగ్గర మీరు కొంచెం బేరమాడుకోవచ్చు.

మా బాపుది సుల్తానాబాద్‌లో వడ్ల వ్యాపారం. వడ్లు కొనేవాడు బస్తా మొత్తం కుమ్మరించి చూడడు. మొనదేలిన ఇనుప గొట్టాన్ని పైన ఒక చోట, నడుమ ఒక చోట, అడుగున ఒక చోట పొడుస్తాడు. అరచేతిలోకి జారిన గింజల్లో ఒకటి కొరికి, ధర చెప్పేస్తాడు. నేను ఆ బస్తాల మధ్యే పెరిగాను. పెళ్లయి హుజూరాబాద్ వచ్చి, స్టీలు సామాన్ల దుకాణంలో కూర్చున్నాక, నవలలకు కూడా అదే గొట్టం వాడటం మొదలుపెట్టాను. మొదట పది పేజీలు, నడుమ పది, అడుగున పది. అంతటితో నా అభిప్రాయం తయారు.

ఆ అభిప్రాయానికి ఒక గిరాకీ కూడా ఉండేది. నెలనెలా రెండో ఆదివారం మధ్యాహ్నం రిటైరైన ఒక టీచరమ్మ ఇంట్లో మేం నలుగురం కలుస్తాం. టీచరమ్మ, చర్చి నుంచి నేరుగా వచ్చే నర్సు చెల్లె, మస్కట్‌లో పదకొండేళ్లు సెంట్రింగు పని చేసి తిరిగొచ్చిన ఒక తమ్ముడు, నేను. నెలకొక నవల అందరం చదివి, ఎవరికి ఏమనిపించిందో చెప్పుకుంటాం. టీచరమ్మ సర్వపిండి కాలుస్తుంది. నేను సర్వపిండి కోసమే వస్తానని ఒక పుకారు ఉంది. ఆ పుకారు పుట్టించింది నేనే, అసలు సంగతి బయటపడకుండా.

నా పద్ధతి ఏమిటంటే, చివర మాట్లాడటం. ముగ్గురు చెప్పింది విని, ఒక్కొక్కరి దగ్గర ఒక్కో మాట తీసుకుని, "పాత్రలు మాత్రం కండ్ల ముందట తిరిగినయి" అని పైన ఒక మూత పెట్టేదాన్ని. ఏడు నెలలు ఇలాగే నడిచింది. ఎనిమిదో నెల నవల తెచ్చే వంతు తమ్ముడిది.

అతను తెచ్చింది అట్ట లేని నవల. మొదటి పేజీలు కూడా లేవు కాబట్టి పేరు తెలియదు, రాసిందెవరో తెలియదు. మస్కట్‌లో ఎనిమిదిమంది ఉండే గదిలో, మంచం కింద, అంతకుముందు ఉండిపోయినవాళ్లు ఎవరో వదిలేశారట. ఆ గదిలో తెలుగులో ఉన్న పుస్తకం అదొక్కటే. మా ముగ్గురికీ తలా ఒక జిరాక్స్ తీయించి, స్పైరల్ బైండింగ్ చేయించి, పాపం, పైన ప్లాస్టిక్ అట్ట కూడా వేయించాడు. ఇచ్చేటప్పుడు ఒక్కమాటే అన్నాడు.

"అక్కా, జర మొత్తం చదువు. ఎందుకన్నది చదివినంక నీకే ఎర్కైతది."

అవి పెళ్లిళ్ల రోజులు. దుకాణంలో అన్నం వండే పెద్ద గుండిగలు, బిందెలు, కంచాలు తీసి చూపించడానికే చేతులు చాలలేదు. నేను గొట్టం తీశాను. పైన పొడిస్తే, అన్నతో గొడవపడి ఒక గుడ్డసంచితో ఇల్లు వదిలిన మొగుడు, కుట్టుమిషన్ మీద బతుకు లాగే భార్య. నడుమ పొడిస్తే, ఆమె కుడుతూనే ఉంది. అడుగున, చివరికి ఇరవై పేజీల ముందు పొడిస్తే, పందిరి, వంటలు, బాజాలు. ఎవరిదో పెళ్లి. సరే, సుఖాంతం అనుకుని మూసేశాను.

ఆ ఆదివారం టీచరమ్మ నా వైపు తిరిగింది. "ప్రతిసారి ఆఖరుకు నువ్వే మాట్లాడుతవ్. ఇయ్యాల నువ్వే మొదలుపెట్టు."

నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. "కష్టాలు మస్తు చూపెట్టిండు గని, ముగింపు అద్భుతం. ఆఖరికి పెళ్లి చేసి రచయిత మంచి పని చేసిండు."

నర్సు చెల్లె చాయ్ కప్పు కింద పెట్టింది. టీచరమ్మ కళ్లద్దాలు తీసింది. తమ్ముడు మాత్రం సర్వపిండి చేతిలో ఉండగానే లేచి నిలబడ్డాడు.

"అక్కా! నీకు పూర్తి పుస్తకం దొరికిందా?"

అప్పుడు అర్థమైంది. ఆ పుస్తకానికి ఆఖరి పేజీలు కూడా లేవు. మిగిలిన చివరి వాక్యం "ఆమె తలుపు తీసి" దగ్గర ఆగిపోయింది. తలుపు బయట ఎవరున్నారని ఆ గదిలో పదకొండేళ్లు కొట్లాడుకున్నారు. మా అభిప్రాయం కూడా అడగడానికే అతను జిరాక్సులు తీయించాడు. ఇప్పుడు నేను ముగింపు చూశానని అతని ముఖం వెలిగిపోతోంది.

లేదని చెప్పాల్సిన క్షణం అదే. కానీ దుకాణంలో పెరిగినవాళ్ల నోటికి "లేదు" రాదు. ఎవరైనా "ఉన్నదా?" అంటే "ఉన్నది" అంటాం. మరీ లేకపోతే "రేపు వస్తది" అంటాం.

"ఉన్నది తమ్మీ," అన్నాను. "మా బాపు దుకాణంల పొట్లాలు కట్టే పాత పుస్తకాలల్ల ఉండె. తెప్పిస్త."

సోమవారం పొద్దున్నే అతను దుకాణానికి వచ్చి ఫోన్ నా చెవి దగ్గర పెట్టాడు. పాత గదివాళ్లకు కబురు పంపాడట. వాళ్ల వాయిస్ మెసేజ్‌లు ఒకదాని వెనక ఒకటి మోగాయి.

"నిజంగనే దొరికిందార? నేను ముందుగాలనే చెప్పిన మొగడే వచ్చిండని!"

"నీ మొకం, వచ్చింది మొగని అన్న. తమ్ముడు సచ్చిపోయిండని చెప్పనీకి వచ్చిండు."

"థూ! నీ నోట్ల మన్ను వడ!"

తమ్ముడు నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. "శుక్రవారం వాళ్లకు సెలవక్కా. అందరు ఒక్క దగ్గర కూసుంటరు. గా పేజీలు ఫోటో దీసి పంపుదం. ఒగడైతే దావత్ గూడ చేస్తనన్నడు."

"ఫికర్ చెయ్యకు," అన్నాను. ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో తలుచుకుంటే నాకిప్పటికీ నా మీద గౌరవం కలుగుతుంది.

మంగళవారమంతా రేపు వస్తది, రేపు వస్తది అనుకున్నాను. రాలేదు. బుధవారం బాపు దగ్గరికి పోయాను. పాత కాగితాల మూట మొత్తం విప్పాను. పరీక్ష పేపర్లు, పంచాంగాలు, ఎవరిదో గైడు ఉన్నాయి. నవల ఊసే లేదు. బాపు కుర్చీలోంచి లేవకుండా అంతా చూసి, సంగతేమిటని అడిగాడు. చెప్పాను.

"మూడు కాడ పొడిచి చూసినవా?"

"నువ్వు నేర్పిందే కదా బాపు."

"ఓ పిచ్చిదానా, బస్తాల గింజలన్ని ఒక్క తీరుంటయి. గందుకే పొడిచి చూస్తం. పుస్తకంల పేజీలన్ని ఒక్క తీరుంటే గది ఎవడు రాస్తడు, ఎవడు కొంటడు?" అని, "గా పిలగానికి రేపు వస్తదన్నవా?" అన్నాడు.

"ఉన్నదన్న."

"అరె!" అన్నాడు. అబద్ధానికి కాదు, సరుకు లేకుండా గిరాకీని పిలిచినందుకు నొచ్చుకున్నాడు.

వచ్చేటప్పుడు బస్సులో జిరాక్స్ తెరిచాను, మొదటి పేజీ నుంచి. కరీంనగర్‌లో దిగి రెండో బస్సు ఎక్కాలి. బస్టాండ్ బెంచీ మీద కూర్చుని హుజూరాబాద్ బస్సులు మూడు వదిలేశాను. ఇంటికొచ్చాక కూర పొయ్యి మీద, పుస్తకం గట్టు మీద. నడుమ నేను వదిలేసిన పేజీల్లో ఎంత జరిగిందో! నేను చూసిన పెళ్లి ఆమెది కానే కాదు, పక్కింటి పిల్లది. ఆ పెళ్లి వంటకు ఈమె తన గుండిగ ఇచ్చింది. గురువారం మధ్యాహ్నం దుకాణంలో చివరి పేజీకి వచ్చాను. కథలో వాన కురుస్తోంది. ఎవరో తలుపును కాలితో తట్టారు. ఆమె తలుపు తీసి.

పేజీ తిప్పాను. ప్లాస్టిక్ అట్ట. నాకు నిజంగా ఏడుపొచ్చింది.

సాయంత్రం తమ్ముణ్ణి పిలిపించి, బల్ల మీద కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి చెప్పేశాను. "తమ్మీ, నా దగ్గర పుస్తకం లేదు. ఎప్పుడు లేకుండె. నేను అప్పటికి చదవనే లేదు."

అతను చాయ్ ముట్టలేదు. కప్పు పక్కకు జరిపి అన్నాడు. "లేదంటే నాకేం అయ్యేదుండె అక్కా? లేకపోవుడు నాకు అలవాటే. ఉన్నదన్నవు సూడు, గదే..."

లేచి చెప్పులు వేసుకుంటున్నాడు. నా దగ్గర ఇవ్వడానికి ఒక్కటే ఉంది.

"గని తమ్మీ, తలుపు తట్టింది మొగడు మాత్రం కాదు."

అతను ఆగాడు. "ఏమంటవ్?"

"కాలుతోని తట్టిరు. ఎందుకు?"

"చేతులు ఖాళీ లేక. రెండు చేతుల సామాన్. మేం గూడ గదే అన్నం. ఇంటికొచ్చే మొగోడు ఉత్త చేతులతోని రాడు. పెట్టెలుంటయి."

"పెట్టెలున్నోడు పెట్టెలు కింద పెట్టి చేతితోని తడుతడు. తన ఇల్లే కదా, తొందరేంది? వానల కింద పెట్టరానిది తెచ్చినోళ్లే కాలుతోని తడుతరు. మా హమాలీలు రోజు గట్లనే తడుతరు. పక్కింటామె, తమ్మీ! పెళ్లికి తీస్కపోయిన గుండిగ తెచ్చింది. ఉత్తది తేలే, అండ్ల బువ్వ పెట్టి తెచ్చింది."

"గుండిగనా!" చెప్పులు వదిలేసి మళ్లీ బల్ల మీద కూర్చున్నాడు. "పదకొండేండ్లు మేం ఎదురుచూసింది గుండిగ కోసమా? గా రచయితకు పాపం తగలదా?"

"నువ్వు ఎదురుచూసినవ్. ఆమె చూడలే. ఆమె ఒక్కపారన్న తొవ్వ దిక్కు చూసినట్టు రాసిండా? ఏ పేజీల రాసిండు, చూపెట్టు!"

అతను పేజీలు తిప్పటం, నేను లాక్కోవటం. అదే సమయంలో ఒకావిడ వచ్చి బిందె ధర అడిగితే, ఆ ఊపులో అసలు ధర చెప్పేశాను. ఆవిడ అలవాటు ప్రకారం అందులోంచి వంద తగ్గించమంది. తగ్గించాల్సి వచ్చింది. మా ఇంటి చరిత్రలో అలాంటి రోజు లేదు.

శుక్రవారం అతనే గదికి ఫోన్ కలిపాడు. సంగతి అతను చెప్తానన్నా నేనే చెప్పాను. మొదట తిట్లు పడ్డాయి, న్యాయమే. తర్వాత నా గుండిగ సంగతి చెప్పాను. ఇక ఆ గది లేచింది.

"గుండిగేందక్కా గుండిగ! మొగోడు ఇంటికి రావద్దా?"

"స్టీలు దుకాణపామెకు గుండిగలే కనవడుతయి, ఇంకేం కనవడుతయి!"

అందరూ ఒకేసారి అరుస్తుంటే, వెనక నుంచి అప్పటిదాకా మాట్లాడని ఒక గొంతు వచ్చింది. "అక్క చెప్పింది నిజమే కావచ్చురా. మా ఇంట్ల గూడ తలుపు తట్టేది పక్కింటోళ్లే కదా."

ఆ తర్వాత ఎవరో "అయితే బువ్వల కూరేముండె?" అన్నారు. నవ్వులు. తమ్ముడు కూడా నవ్వాడు. కానీ ఫోన్ పెట్టేశాక నాతో అన్నాడు. "నువ్వు మంచిగనే చెప్పినవక్కా. నేనైతే ఒప్పుకోను. మొగడే."

"మొగడు కాదు."

"సూద్దాం."

ఇప్పటికీ దుకాణం ముందు నుంచి పోతూ "మొగడే!" అని అరిచి పోతాడు.

మరుసటి నెల టీచరమ్మ సర్వపిండి కాలుస్తూ అడిగింది. "ఇంతకు గా అబద్ధం నీకెంతకు పడ్డదే?"

లెక్క చెప్పాను. సుల్తానాబాద్‌కు రానుపోను బస్సు, ఆడవాళ్లకు ఉచితమే కాబట్టి సున్నా. రెండు మధ్యాహ్నాల కునుకు. మాడిపోయిన ఒక కూర. బిందె మీద వంద. టీచరమ్మ శిక్షగా ఆ రోజు నాకు పెట్టనన్న ఒక ముక్క సర్వపిండి. వీటన్నిటికీ ఎదురుగా వచ్చింది, మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివిన ఒక నవల, ఇంకొకరి దగ్గర ఎత్తుకోని ఒక అభిప్రాయం. ఇక్కడిదాకా లాభంలోనే ఉన్నాను.

ఇక లెక్కలో మిగిలింది ఆదివారం నుంచి గురువారం దాకా. ఆ ఐదు రాత్రులు ఆ గదిలోవాళ్లు, పని దిగి వచ్చి, ముగింపు దొరికిందనే అనుకుంటూ పడుకున్నారు. దానికి ఎదురుగా ఏం రాయాలో నాకు ఇప్పటికీ తెలియలేదు. అక్కడ ఏమీ రాయకుండా వదిలేశాను.