సగాల ఇంజనీరు

పూర్తిగా మూసేసింది ఏది కనబడ్డా ఆ ఇంజనీరుకు ఒంటిమీద తేళ్ళూ జెర్రులూ పాకేవి. తలుపు గానీ, కౌంటరు గానీ, రోడ్డు గానీ, మూస్తే సగమే మూయాలి. మిగతా సగంలో మనుషులు మసలాలి. సగాల ఇంజనీరని ఆయనకు పేరు పెట్టింది పక్కింటి పెద్దమ్మ. వీధిలో ఎవరికి ఏ ఉత్తరం వచ్చినా వాళ్ళకన్నా ముందు తనకు తెలిసి తీరాలనుకునే మనిషి ఆవిడ.

మేడమెట్లు బాగు చేయించినప్పుడు ఆయన నిలువునా సగం మెట్లే పగలగొట్టించాడు. నెలరోజులు ఆయన భార్య పీతలా పక్కవాటుగా ఎక్కి దిగింది.

“ఒక్క పూట మేడ ఎక్కకపోతే కొంపలంటుకుంటాయా?” అని పెద్దమ్మ గోడ మీదుగా కడిగేసింది.

“రాకపోకలు ఆపడానికి మనమెవరమండీ?” అని ఆయన ఎగిరిపడ్డాడు.

పళ్ళ డాక్టరు దగ్గరా అదే గొడవ. “రెండువైపులా ఒకేసారి పని పెడతారా? ఎడమవైపు కానివ్వండి, అందాకా కుడివైపు నడుస్తుంది!” అని కుర్చీలోంచి లేచి పోట్లాడాడు.

ఇలాంటి మనిషికి ఊరి చివర హైవే కూడలి అప్పగించారు. అక్కడున్న నాలుగు వంతెనలదీ ఇంచుమించు పెద్దమ్మ వయసే. పెచ్చులు రాలి, ఇనపకడ్డీలు పక్కటెముకల్లా బయటపడ్డాయి. ఆయన ఒక్కో వంతెననూ నిలువునా చీల్చి, సగం పడగొట్టి కొత్తది కట్టి, బండ్లను దాని మీదికి మళ్ళించి, ఆ తర్వాతే రెండో సగం ముట్టుకునేవాడు. మూడింటికి రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళూ వీధి అన్నంలో దుమ్ము, చెవుల్లో హారన్లు.

నాలుగో వంతెన సగం పడగొట్టగానే పైఅధికారులు, “నలభై రోజులు పూర్తిగా మూసేస్తే అయిపోతుంది కదా, వీధివాళ్ళు ఒప్పుకుంటే చాలు” అన్నారు. ఇంజనీరు ససేమిరా అన్నాడు. ఆయన పద్ధతిలో అయితే ఇంకా ఐదు నెలలు.

పెద్దమ్మకు ఒళ్ళు మండింది. ఆ నాలుగో వంతెన మీదుగానే ఆవిడ రోజూ పొద్దున్నే అక్కగారింటికి వెళ్ళేది. అక్కకు చూపు ఆనదు, చెయ్యి వణుకుతుంది. కళ్ళలో మందుచుక్కలు పెద్దమ్మే వేయాలి. ఒక్కరోజు తప్పినా ఉన్న చూపూ పోతుందని డాక్టరు చెప్పాడు. వంతెన మీద రేకుల కంచె పక్కన మనిషి పట్టేంత కాలిదారి, దాని నడుమ ఒక బల్ల. ఆ బల్ల మీద కూర్చుని, మోకాళ్ళు రుద్దుకుంటూ, ఆవిడ ఇంజనీరును తనివితీరా తిట్టుకునేది. బల్ల అక్కడికెలా వచ్చిందని మాత్రం ఎవరినీ అడగలేదు. లోకంలో ఆవిడ అడగని ప్రశ్న అదొక్కటే.

నలభై రోజులు మూసేయమని అర్జీ రాయించి, మొదటి సంతకం తనే పెట్టి, వీధంతా తిరిగి సంతకాలు పోగుచేసి, వంతెన దగ్గరి రేకుల గదిలో ఇంజనీరు ముందు పడేసింది.

ఆయన ముఖం కందగడ్డయింది. “నలభై రోజులా! చుట్టుదారి ఐదు మైళ్ళు. బండ్లకు చక్రాలున్నాయి సరే, నడిచేవాళ్ళ గతేమిటి?”

“బుద్ధున్న వాళ్ళెవరైనా దాని మీద నడుస్తారటయ్యా?”

ఆయన ఆవిడ వంక ఎగాదిగా చూసి, ఏదో అనబోయి సగంలో మింగేశాడు. బయట రెండు లారీలు ముఖాముఖీ ఇరుక్కుని హారన్లు కొడుతుంటే అటు పరిగెత్తాడు.

గదిలో ఆయన రాతబల్ల మీద బండ్ల లెక్క పుస్తకం తెరిచి ఉంది. తెరిచిన పుస్తకం చూడకుండా వదలడం పెద్దమ్మ వల్ల అయ్యే పనా? లారీలు ఇన్ని, బస్సులు ఇన్ని, కార్లు ఇన్ని. అడుగున మరో వరుస: ‘ఉదయం ఎనిమిది. కాలినడక, ఒకరు. చేతిలో సంచీ. మోకాళ్ళు బాగాలేవు. మధ్యలో ఆగుతారు.’ పక్కనే ఎర్రసిరాతో: ‘కాలిదారి ఒక్కరోజు కూడా మూయరాదు. మధ్యలో వేసిన బల్ల తీయరాదు.’

పేజీలు వెనక్కి తిప్పింది. రెండేళ్ళుగా ప్రతిరోజూ అదే ఒకరు.

ఆవిడ చేయి తన సంచీని తడుముకుంది. వంతెన మూస్తే నలభై రోజులు అక్క కళ్ళలో చుక్కలు ఎవరు వేస్తారన్న ప్రశ్న అప్పుడు తట్టింది.

ఇంజనీరు తిరిగి రాగానే, “ఈ ముక్క ముందే ఏడవొచ్చుగా!” అని విరుచుకుపడింది.

ఆయన నేల చూపులు చూశాడు. “చెబితే, మీ ఒక్కరి కోసం ఐదు నెలలు సాగదీస్తున్నానని వీధంతా మిమ్మల్ని ఆడిపోసుకోదూ? నన్ను తిట్టనివ్వండి పెద్దమ్మగారూ, నాకు అలవాటే.”

“నన్ను అనే మగాడెవడోయ్ ఈ వీధిలో!” అంటూ ఆవిడ అర్జీ అందుకుని నిలువునా చింపింది. తన సంతకమున్న ముక్కను సంచీలో కుక్కుకుని, వీధివాళ్ళ సంతకాలున్న రెండో ముక్కను ఆయన రాతబల్ల మీదే ఉంచింది.

“అదేమిటి, సగమే తీసుకున్నారు?”

“మిగతా సగం మీద వీధివాళ్ళ కోపాన్ని నడవనీ నాయనా,” అంది పెద్దమ్మ గడప దాటుతూ. “రాకపోకలు ఆపడానికి మనమెవరం?”