డాక్టరమ్మకు చెప్పని వాతలు

ఆ రోజు పొద్దున్న ధాన్యం లారీ వచ్చి కాటా ఎక్కింది గానీ మా రూబీ లేవలేదు. గజపతినగరం దాటాక రోడ్డు పక్కన లారీలు తూచే కాటా ఉంది. కేబిన్‌లో కూర్చుని తూకం చూసి చీటీ ఇచ్చేది నేను. లారీ చుట్టూ ఒక రౌండు కొట్టి, టైర్లు వాసన చూసి, డ్రైవరు దిగేదాకా మొరిగేది రూబీ. ఆరేళ్ల ఊరకుక్క. అలాంటిది ఆ రోజు పడుకున్న చోటి నుంచే రెండు మొరుగులు మొరిగి ఊరుకుంది. పిలిస్తే లేచింది గానీ, వెనక కుడికాలు నేలకి ఆనించలేదు.

ముందు నా సంగతి చెప్పాలి. నాకు అనుమానం ఎక్కువ. ఉద్యోగం అలాంటిది. ఖాళీ లారీ తూచేటప్పుడు బరువు ఎక్కువ చూపడానికి లోపల క్లీనర్ని పడుకోబెట్టేవాళ్లుంటారు, నీళ్ల డ్రమ్ము దాచేవాళ్లుంటారు. దిగి టార్పాలిన్ ఎత్తి చూడందే నేను చీటీ రాయను. కూరగాయల బండి దగ్గర కూడా త్రాసు అడుగున చెయ్యి పెట్టి తడుముతాను. మా బావ, అంటే నా భర్త ప్రభుదాసు, "నీకు పాస్టరుగారి ప్రార్థన మీద కూడా అనుమానవే" అని ఏడిపిస్తుంటాడు.

కాలు సంగతి చూసి మా అత్త తేల్చేసింది. "బెణికినాది, అంతే. ఎడ్లకి ఎడతారు సూడు, అలగ రెండు వాతలెట్టించీ. నాలుగు రోజుల్లో గెంతుతాది."

నాకు ఆ మాట మీదా నమ్మకం లేదు. కానీ పది రోజులైనా కుంటు తగ్గకపోయేసరికి సరేనన్నాను. ఎడ్లకు వాతలు పెట్టే ముసలాయన వచ్చి ఇనప చువ్వ ఎర్రగా కాల్చాడు. రూబీ తల ఒళ్లో పెట్టుకుని మూతి గట్టిగా పట్టుకున్నది నేనే. కుడి తొడ మీద రెండు గీతలు పడ్డాయి. అది పెట్టిన అరుపుకి మా అత్త కూడా మొహం తిప్పేసుకుంది. విడిపించుకుని పారిపోయి, సాయంత్రానికి మళ్లీ నా కాళ్ల దగ్గరికే వచ్చి పడుకుంది. నా చెంపలు నేనే వాయించుకోవాలనిపించింది.

రెండు నెలలకి పుండు మాని, చుట్టూ ఉన్న బొచ్చు దాన్ని కప్పేసింది. కుంటు మాత్రం అలాగే ఉంది. పైగా కుడి తొడ ఎడమ తొడలో సగమైపోయింది. అప్పుడు ఆటో మాట్లాడుకుని విజయనగరంలో ఒక పెంపుడు జంతువుల క్లినిక్‌కి తీసుకెళ్లాం. ఎక్స్-రే తీశారు. చూసింది ఒక చిన్న వయసు డాక్టరమ్మ.

"ఎముక విరగలేదమ్మా. హిప్ జాయింట్‌లో ఆర్థరైటిస్ ఉంది. నొప్పికి కాలు వాడటం మానేసింది, అందుకే మజిల్ కరిగిపోతోంది. ఇలాగే వదిలేస్తే ఆ కాలు ఇక దానికి పనికిరాదు" అంది. మాత్రలు, ఎక్సర్‌సైజులు, వారానికి రెండుసార్లు రేడియోఫ్రీక్వెన్సీ థెరపీ అని రాసింది. రాస్తూ అడిగింది. "ఇంట్లో ఏమైనా వైద్యం చేశారా? ఆ తొడ మీద దెబ్బగానీ, కాలిన గాయంగానీ ఉందా?"

"ఏటీ లేదండి" అన్నాను. బావ నోరు తెరవబోతే కాలు తొక్కాను.

సిగ్గుపడి చెప్పలేదంటే అది సగమే నిజం. మిగతా సగం చెప్పడానికే ఇది రాస్తున్నాను. మా ఇళ్లల్లో వైద్యుడి దగ్గరికి వెళ్తే ముందే అన్నీ చెప్పేయరు. చెయ్యి పట్టుకుని నాడి చూసి వైద్యుడే జబ్బేంటో చెప్పాలి. చెబితే మంచి వైద్యుడు, లేకపోతే ఉత్త డబ్బా. మా నాన్న అనేవాడు, "అన్నీ మనవే సెప్పీస్తే ఆడి గొప్పేటి?" అని. నేనూ అదే చేశాను. బయటికొచ్చాక బావ, "అలగెందుకన్నావే?" అని కసిరితే, "సదువుకున్నాది కదా, కనిపెట్టనీ బావా!" అన్నాను.

ఇక ఆ మిషను. చిన్న పెట్టె, దానికో వైరు, వైరు చివర గుండ్రటి బిళ్ల. రూబీ పొట్ట కింద ఒక రేకు పెట్టి, తొడ మీద జెల్ రాసి, బిళ్ల మెల్లగా తిప్పుతారు. కరెంటుతో లోపల వేడి పుడుతుందట. "మజిల్ వదులవుతుంది, నొప్పి తగ్గుతుంది, ఆ తర్వాత ఎక్సర్‌సైజ్ చేయించడం సులువవుతుంది" అంది డాక్టరమ్మ.

"ముందు నా సేతి మీద ఎట్టండి" అన్నాను. నవ్వకుండా పెట్టింది. గోరువెచ్చగా తగిలింది. ఈ మాత్రానికి వేణ్నీళ్ల సీసా చాలదా అని అడిగేశాను కూడా.

"అది పైపైన వేడి, ఇది లోతుకి వెళ్తుంది. మనుషులకైతే వేడెక్కువైతే చెప్పమంటాం. వీళ్లు చెప్పలేరు కదా, అందుకే నేను వీళ్ల మొహం చూస్తూ ఉంటాను. బెదిరినా, కాలు లాక్కున్నా ఆపేస్తాను" అంది.

మూడో సెషన్ తర్వాత రూబీ కాలు నేలకి ఆనించింది. నేను కేబిన్‌లో ఒక్కదాన్నే కూర్చుని ఏడ్చేశాను. అయినా బావతో మాత్రం, "ఆ మిషను కాదు, మాత్రలు పని సేస్తన్నాయి" అన్నాను. ఐదో సెషన్‌లో రూబీ అసలు కదలనే లేదు. "ఎంత అలవాటు పడిపోయిందో!" అని డాక్టరమ్మ మురిసిపోయింది.

మర్నాడు తొడ నిమిరితే చేతికి తడి తగిలింది. బొచ్చు విడదీసి చూస్తే బొబ్బ చితికి ఎర్రగా ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆటోలో విజయనగరం దాకా తిట్టుకుంటూనే వెళ్లాను. క్లినిక్ గుమ్మంలోంచే అరిచాను. "కాల్సీసినారు! నోరు లేని జంతువని కాల్సీసినారు! నాను ముందే అనుకున్నాను!"

డాక్టరమ్మ మొహం పాలిపోయింది. వెంటనే క్లిప్పరు తెచ్చి పుండు చుట్టూ బొచ్చు తీసింది. తీసేకొద్దీ చర్మం బయటపడింది. తిన్నగా రెండు తెల్లటి గీతలు. పుండు సరిగ్గా వాటి మీదే ఉంది.

"ఇవేంటమ్మా?"

అంతసేపూ అరిచిన నేను బావ వెనక్కి జరిగాను. బావే చెప్పాడు. "వాతలండి. మేవే ఎట్టించినాం. మీకు సెప్పనేదు."

"మొదటి రోజే అడిగాను" అంది ఆమె. "మచ్చ పడిన చర్మానికి స్పర్శ సరిగా ఉండదు. వేడి తెలియలేదు కాబట్టి అది కదల్లేదు. నేనేమో హాయిగా ఉందనుకున్నాను." పుండు తుడుస్తూ, "బొచ్చు తీసి చూసుకోకపోవడం నా తప్పు కూడా" అంది. తప్పించుకుంటుందనుకున్నాను, తప్పించుకోలేదు. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

పుండు మానేదాకా థెరపీ ఆపేశారు. రూబీ నాక్కోకుండా మెడకి ప్లాస్టిక్ కోను తగిలించారు. ఎక్సర్‌సైజులు కూడా ఆగిపోయాయి. నేను రోజూ టేపుతో తొడ కొలిచేదాన్ని. కష్టపడి తెచ్చుకున్నదంతా కళ్లముందే మళ్లీ కరిగిపోయింది. దాని మొహం చూడలేక కోను సర్దుతున్నట్టు తల దించుకునేదాన్ని.

తర్వాత మళ్లీ మొదలుపెట్టాం. తొడ మీద బొచ్చంతా తీసేసి, వేడి తగ్గించి, మచ్చకి దూరంగా బిళ్ల తిప్పేవారు. ఇంటి దగ్గర నేల మీద పైపులు పరిచి రూబీని వాటి మీదుగా దాటించేదాన్ని. ఒక్కో పైపు దాటితే ఒక్కో ఎండుచేప ముక్క.

ఇప్పుడు రూబీ నాలుగు కాళ్ల మీదే నడుస్తోంది. పొద్దున్న లేచాక కాసేపు కుంటుతుంది. లారీ వస్తే చుట్టూ తిరగదు, ముందు టైరు దాకా వెళ్లి ఆగిపోతుంది. కేబిన్ మెట్లు ఎక్కలేదు, నేనే ఎత్తుకుంటాను. నయం చేసింది మిషనా, మాత్రలా, ఎక్సర్‌సైజులా అని డాక్టరమ్మని అడిగితే "మూడూ కలిసి" అంటుంది. ఆ జవాబు మీద నాకింకా అనుమానమే. కానీ ఆమె ఇంకో మాట కూడా అంది. "వాతలప్పుడు పోయిన రెండు నెలలూ, పుండప్పుడు పోయిన వారాలూ మిగిలుంటే ఇంకా బాగా నడిచేదమ్మా." ఆ మాట మీద మాత్రం నాకు ఏ అనుమానమూ లేదు.

అందుకే ఇది చదివేవాళ్లకి ఒక్కటే చెబుతాను. మీ కుక్కనో పిల్లినో వేడి పెట్టే ఏ మిషను దగ్గరికైనా తీసుకెళ్లే ముందు, బొచ్చుకి ఎదురుగా ఒళ్లంతా చేత్తో తడిమి చూడండి. వాత, పసరు, కట్టు, ఎవరో ఇచ్చిన మాత్ర, ఏది చేయించినా కాగితం మీద రాసి, అడక్కముందే డాక్టరు చేతిలో పెట్టండి. డాక్టరుకి ఎంత తెలుసో పరీక్షించాలని ఉంటే మీ ఒంటి మీద పరీక్షించుకోండి. నోరు లేనిదాని ఒంటి మీద వద్దు.