సన్నాయి ఆయన పక్క చోటు

ఆయన పేరు నేనెప్పుడూ అడగలేదు. పొట్టంగి వైపు నుంచి వచ్చే మేళంలో సన్నాయి ఊదేవాడు. నన్ను మాత్రం 'బావా' అని పిలిచేవాడు.

నందపూర్‌లో చైత్ర పండక్కి ఊరూరి మేళాలూ తోటలో గుడారాలు వేసుకుని, రోజంతా జీలుగు కల్లు తాగుతూ పోటీలు పడి వాయించేవి. కొరాపుట్‌లో గుమస్తాగా కొత్తగా చేరిన నేనూ చూడ్డానికి వెళ్లేను. ఎండకి నాలుక పిడచకట్టుకుపోయింది. సన్నాయి ఆయన పక్కన, డోలు వెనక చోటు ఖాళీగా కనిపిస్తే కూలబడి, ఎదురుగా ఉన్న ఆకుడొప్ప ఎత్తి గటగటా తాగేసేను.

మేళం మొత్తం ఆగిపోయింది.

"అది మా బావది," అన్నాడాయన మెల్లిగా. "డోలు వాయించీవోడు. నిరుడు పోయేడు. మా మేళంలో ఎవులు పోయినా, ఒక ఏడు ఆల్ల సోటు అలాగే ఉంచి, ఆల్ల కల్లు ఆల్లకి పెడతాం."

లేవబోతే భుజం పట్టి కూర్చోబెట్టేడు. కోపం లేదు. నా మొహంలో ఎవరినో వెతుకుతున్నట్టు చూసేడు.

"తాగీసేవు కదా బావా. వాయించు మరి."

డోలు ఎన్నడూ ముట్టనివాణ్ణి. పుల్లలు అందుకున్నాను. పొద్దు వాలేదాకా ఒక్క దెబ్బా తప్పలేదని తరవాత అందరూ చెప్పేరు. నాకేమీ గుర్తులేదు.

ఆపైన ఏటా నన్ను చూడగానే "ఏటి బావా, బాగున్నావా?" అనేవాడు. నవ్వుతూ మాత్రం కాదు, ఆ పోయినాయన్నే పలకరిస్తున్నట్టు.

ఒక ఏడు వెళ్లేసరికి ఆయన చోటులో సన్నాయి ఒక్కటే ఉంది, దాని ముందు నిండు డొప్ప. నన్నెవరూ పిలవలేదు. అయినా ఆ సన్నాయి వైపు తిరిగి, "వస్తన్నాను బావా," అన్నాను.