నేను రిజిస్టరులో చంపిన అవ్వ

ఇప్పుడు మా పాప రెండుసార్లు తుమ్మితే చాలు, డాక్టరు దగ్గరికి పరుగెత్తుతాను. అలాంటి నేను ఇరవై రెండేళ్ల వయసులో ఒక నిండు ప్రాణాన్ని పెన్నుతో తీశాను. కాస్తలో నా ఉద్యోగమూ పోయేది.

తొంభైల చివర్లో మత్తిగిరిలో ఒక కాలేజీవాళ్లు పల్లె ఆడపిల్లలకు వేసవి క్లాసులు పెట్టారు. నలభై మంది పిల్లలున్న హాస్టలుకు నేను వార్డెన్‌ని. తాళాల గుత్తి నడుముకు దోపుకుని పోలీసులా తిరిగేదాన్ని. ప్రిన్సిపాల్ సార్ రూలు ఒక్కటే: ఇంట్లో చావైతే తప్ప సెలవు లేదు. చెప్పకుండా పోతే సీటు గల్లంతు.

ఒక పొద్దున కెలమంగలం ఊరి పిల్ల మంజుల ఏడుస్తూ వచ్చింది.

“అక్కా, మా పట్టుపురుగులు పండినాయి. ఈ పొద్దే ఏరి చంద్రికల మీద వెయ్యల్ల. అమ్మకు చెయ్యి విరిగిండాది. నేను పోకుంటే పంటంతా పోతాదక్కా.”

పండిన పురుగు గూడు కట్టడానికి ఎవరి కోసమూ ఆగదు. చంద్రికలంటే అవి గూళ్లు కట్టే వెదురు తడకలు; వాటి మీదికి చేర్చకపోతే నెల రోజుల కష్టం మట్టిపాలే.

“మీ ఇంట్లో ముసలోళ్లు ఎవరుండారే?”

“అవ్వ. రాయి మాదిరి ఉండాదక్కా.”

నా గుండె కరిగింది. రిజిస్టరులో ‘అవ్వ మరణం’ అని రాసి, పిల్లను బస్సెక్కించాను.

పదింటికి సార్ రిజిస్టరు చూశారు. “అయ్యో! మన పిల్ల ఇంట్లో చావైతే మనం పోకుంటే ఎట్లమ్మా? పద.”

“ఎండ సార్...”

“పోయినోళ్లకు లేని ఎండ మనకేమిటికి?”

సైకిల్ చక్రమంత పూలమాల కొని నా ఒళ్లో పెట్టారు. జీపులో దారంతా చెమటతో దాన్ని నేనే తడిపాను.

ఆ ఇంటి దగ్గర ఏడుపు లేదు, జనం లేరు. గడపలో ఒక ముసలావిడ, చేతిలో పురుగుల తట్ట.

“ఆగప్పా! మాల బయటనే పెట్టు. పూల వాసన పురుగులకు పడదు.”

సార్ గొంతు తగ్గించారు. “ఎప్పుడు పోయిందమ్మా, మంజుల అవ్వ?”

“యాడికి పోతాను? ఈడనే ఉండాను కదప్పా!”

సార్ నన్ను చూశారు. నేను మాలను చూశాను.

“నేనే చంపినాను సార్,” అన్నాను. సెలవు కథంతా కక్కేశాను. లోపలి నుంచి మంజుల పరుగున వచ్చింది. “అక్కను ఏమీ అనద్దండి సార్!”

అవ్వ అంతా విని తట్ట మా ముందుకు తోసింది. “చచ్చినదాన్ని నేనే పని చేస్తా ఉంటే, బతికిండే మీరు నిలబడుకోని చూస్తారా? కాళ్లు కడుక్కోని రాండి!”

ప్రిన్సిపాల్ సార్ ప్యాంటు మడిచారు. సాయంత్రం దాకా నలుగురం పురుగులు ఏరాం. చేతివేళ్లకంటిన ఆ మల్బరీ ఆకు పచ్చివాసన తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం హాయిగా ఉంటుంది. పంట దక్కింది, మంజుల సీటూ దక్కింది.

తిరుగుదారిలో సార్ మడిచిన ప్యాంటు దించుకుంటూ అన్నారు. “ఈసారి ఎవరినైనా చంపల్లంటే నాకొక మాట చెప్పమ్మా. పూలన్నా మిగులుతాయి.”

ఆ జీపులోనే ఒట్టు పెట్టుకున్నాను: ఇక ఈ జన్మలో ఎవరినీ చంపను. మరీ తప్పనిసరైతే, ముందు వాళ్లనే అడిగి సంతకం పెట్టించుకుంటాను.