గిటారు లేని డీవీడీ

హిందూపురానికి రాక్ సంగీతాన్ని తెచ్చినవాణ్ణి నేనే. తొంభైలలో ఒక విదేశీ బ్యాండు బెంగళూరుకు వచ్చినప్పుడు, మొదటి వరసలో నిలబడి, భుజాన కెమెరా పెట్టుకుని, చెయ్యి వణకకుండా కచేరీ మొత్తం తీశాను. పాట మధ్యలో గిటారు వాయించేవాడు నా కెమెరాలోకి చూసి కన్ను గీటాడు కూడా.

నోటితో చెప్పేటప్పుడు ఇది బాగానే నడిచేది. కాగితం మీద పెడితే నాకే నవ్వొస్తోంది కాబట్టి సరిచేస్తాను. మేము నిలబడింది చిట్టచివర, ఒక స్పీకరు స్తంభం కింద. కెమెరా మా ఊళ్లో పెళ్లిళ్ల వీడియోలు తీసే స్టూడియోవాడి దగ్గర బాడుగకు తెచ్చింది. క్యాసెట్టులో వేదిక అగ్గిపెట్టెంత కనిపిస్తుంది, సగం సేపు ఎవడిదో నెత్తి అడ్డం. కన్ను గీటినా అంత దూరం నుంచి ఎవరికి తెలుస్తుంది? అయితే స్పీకరు కింద ఉన్న పుణ్యాన శబ్దం మాత్రం నిండుగా పడింది. గిటారు మోగితే రేకుల షెడ్డు మీద వడగళ్లు పడ్డట్టే ఉండేది.

నాతో వచ్చినవాళ్లు ఇద్దరు. ఒకతను పెనుకొండలో రైల్వే ఉద్యోగి, ఆదివారాలు చర్చిలో గిటారు వాయించేవాడు. రెండో అతను ధర్మవరంలో మగ్గం నేసేవాడు. నాది హిందూపురంలో మోటార్లు వైండింగు చేసే అంగడి. ముగ్గురికీ ఈ పిచ్చి ఎలా పట్టిందో చెప్పాలంటే ఇంకో పుస్తకమవుతుంది. నేను పెద్దవాణ్ణి గనక నన్ను అన్నా అనేవారు, నేనేం చెప్పినా ఎదురు చెప్పేవారు కాదు. పెనుకొండ మా రెండూళ్లకూ మధ్యలో ఉంది కాబట్టి రైల్వే క్వార్టర్సులో చేరి ఆ క్యాసెట్టు పెట్టుకునేవాళ్లం.

కొన్నేళ్లకు వీసీఆర్‌లు మూలనపడ్డాయి. అనంతపురంలో, కదిరిలో ఉన్న మా లాంటి పిచ్చివాళ్లు డీవీడీ చేయించమని అడుగుతూనే ఉన్నారు. నేను రేపు మాపు అంటూ జరిపాను. తొందరపెట్టింది ధర్మవరం అతనే. అప్పటికతను చేతిమగ్గం వదిలి మరమగ్గాల షెడ్డులో పనికి పోతున్నాడు. పగలంతా ఆ దడదడలో ఉండి చెవులు మందగించాయి. వినికిడి ఇంకా తగ్గేదే తప్ప పెరిగేది కాదని డాక్టరు చెప్పాడట.

“పూర్తిగా పోకముందే ఆ గిటారు ఒక్కసారి వినల్లన్నా,” అన్నాడు.

స్టూడియోవాడి దగ్గరికే క్యాసెట్టు తీసుకెళ్లాను. టేపు ఎంతసేపు తిరిగితే డీవీడీకి ఎక్కడానికీ అంతసేపు పడుతుంది, పక్కన కూర్చోవాలి. కూర్చున్నాననే అందరికీ చెప్పాను. నిజానికి ఆ గదిలో ఉక్కకు తాళలేక ఎదురుగా ఉన్న హోటల్లో చేరి, నాలుగు టేబుళ్లవాళ్లకు ఆ కన్ను గీటిన కథ చెబుతూ ఉండిపోయాను. కాపీలు చేయించి, ఒక్కటీ వేసి చూడకుండానే పెనుకొండ వెళ్లాను.

“క్యాసెట్టు కంటే బాగొచ్చినాది. పక్కనే కూర్చొని చేయించినా,” అని చెప్పి మరీ పెట్టించాను.

పాట మొదలైంది. డ్రమ్ముల మోత దుప్పటి కప్పి కొట్టినట్టు వినిపించింది. గొంతు ఉంది. గిటారు లేదు. ఎక్కడో పక్కింట్లో వాయిస్తున్నట్టు ఒక గుసగుస, అంతే. ధర్మవరం అతను కుర్చీ జరుపుకుని టీవీకి చెవి ఆనించాడు. కాసేపటికి మా వైపు తిరిగి, మా మొహాలు చూశాడు.

పెనుకొండ అతను, “అన్నా, గిటారు...” అని ఏదో అనబోయాడు.

“ఉండాది కదప్పా, ఎంత బాగుండాదో,” అన్నాను నేను, అందరికీ వినబడేలా.

నేను పెద్దవాణ్ణన్న మర్యాదకు పెనుకొండ అతను నోరు మూసుకున్నాడు. ధర్మవరం అతను చెవి టీవీ నుంచి తీసి, మెల్లగా కుర్చీలో వెనక్కి వాలాడు. “అయితే నా చెవులు పోయినట్లేలే,” అన్నాడు. ఆ తర్వాత డీవీడీ ముగిసేదాకా మమ్మల్ని చూశాడే తప్ప టీవీని చూడలేదు.

తెల్లవారి స్టూడియోవాడిని నిలదీశాను. పెళ్లి క్యాసెట్లలో జనరేటరు రొద తీసేసినట్టే ఇందులోనూ తీసేశాడట.

“పాత క్యాసెట్టు గదప్పా, బరబరా అని శానా గోల ఉండె. అంతా క్లీన్ చేసి ఇచ్చినా,” అన్నాడు, మెచ్చుకుంటానని ఎదురుచూస్తూ.

ఏమీ ముట్టుకోకుండా మళ్లీ ఎక్కించమన్నాను. ఈసారి కుర్చీ దిగలేదు. ఈలోగా తెలిసింది, ధర్మవరం అతను తన టేపురికార్డరునూ పాటల క్యాసెట్లనూ చెల్లెలింటికి ఇచ్చేశాడని. ఇక వినేదేముందని అన్నాడట. వారంలోపే కొత్త డీవీడీ పట్టుకుని అతని ఇంటికి వెళ్లాను. గిటారును తీసేసింది స్టూడియోవాడని, గిటారు లేదని తెలిసీ ఉందని అబద్ధమాడింది నేనని, అతని చెవులది ఏ తప్పూ లేదని ఒప్పుకున్నాను. డీవీడీ వేశాను. గిటారు ఎత్తుకోగానే అతను కళ్లు మూసుకుని తల ఊపాడు. చాలాసేపు ఊపాడు. పాపం కడుక్కున్నాననుకుని రైలెక్కాను.

పెనుకొండ అతను ఎప్పుడో బదిలీ మీద వెళ్లిపోయాడు. సాక్షి మిగిలింది ఒక్కడే కాబట్టి, ఇక్కడిదాకా రాసి ధర్మవరం తీసుకెళ్లి అతని చేతికిచ్చాను. ఇప్పుడు అతనికి ఏం చెప్పాలన్నా రాసి చూపించాల్సిందే. అరుగు మీద కూర్చుని, పెదాలు కదుపుతూ నిదానంగా చదివాడు. ‘వారంలోపే’ అన్నచోట వేలు పెట్టి ఆగాడు. మిగతాది కూడా చదివి కాగితాలు నా ఒళ్లో పెట్టాడు.

“వారంలో యాడొచ్చినావన్నా? పెనుకొండలో చూసింది దసరాకు. నువ్వు రెండోది తెచ్చేటప్పటికి మామిడికాయలే అయిపోయిండె. అప్పటికి నాకేమీ వినపడల్యా. చెవిలో ఏమో అరిచినావు. నా మొగమే చూస్తాండావని తలకాయ ఊపినా. పెనుకొండలో ఆ పొద్దు నా చెవులు బాగుండెనని ఇప్పుడు, ఇది చదివితే తెలిసింది.”