రీలులో మిగిలిన ఒక్క ఫొటో

కోదాడలో ఓ స్టూడియో అద్దాల బీరువాలో నల్లటి రీలు కెమెరా కనబడింది. ఎన్ని కెమెరాలు వచ్చినా నాకు ఇష్టమైనది అదే. రీలంతా అయిపోయేదాకా ఫొటోలు కడిగించేవాళ్లం కాదు, మీకూ గుర్తుందా?

నా చిన్నప్పుడు మోతెలో పెళ్లికని చిన్నాన్న అడిగి తెచ్చిన కెమెరాలో చివరికి ఒక్క ఫొటో మిగిలింది. మా ఇంట్లో బడికి వెళ్తున్న మొదటిదాన్ని నేనే. కొత్త యూనిఫాం వేసుకుని నిలబడ్డాను. ఇంతలో నానమ్మ పొట్టేలును లాక్కొచ్చింది.

"దీన్ని రేపు అమ్ముతున్నం. నువ్వెటు పోతవే బిడ్డా, ఇంట్లనే ఉంటవ్ గద!"

నేను ఏడుపు అందుకున్నాను. "ఇద్దరూ దగ్గరికి జరుగుర్రి" అంటూ చిన్నాన్న నొక్కేశాడు.

ఫొటోలో పొట్టేలు దర్జాగా చూస్తోంది. నా కళ్లు మూసుకుపోయాయి.

ఇప్పటికీ ఇంటికొచ్చినవాళ్లు ఆ ఫొటో చూసి "పొట్టేలు మస్తుంది" అంటారు. నానమ్మ ఊరుకోదు.

"అది సరే గానీ, మా ఇంట్ల మొదలు బడికి పోయింది గీ పిల్లనే, సూడు!"